సి ల్యాబ్‌లో చూసిన ఆ నంబర్, ఆయిలర్ లెక్క

సి ప్రోగ్రామింగ్ ల్యాబ్ చేసినవాళ్ళకి 2147483647 గుర్తుండే ఉంటుంది, int అనే 32 బిట్ల పూర్ణసంఖ్యల డబ్బాలో పట్టే అతి పెద్ద నంబర్, ఇంకో ఒకటి కలిపితే మా ల్యాబ్ సిస్టమ్‌లో ఠక్కున మైనస్‌లోకి పోయేది. 2038 జనవరి 19న పాత 32 బిట్ల సిస్టమ్‌ల సెకన్లలో సాగే టైమ్ లెక్క నిండిపోయేది కూడా దీని దగ్గరే, మన టైమ్ ప్రకారం ఉదయం 8:44:07కి. అయితే ఇది ప్రధాన సంఖ్య అని మాత్రం నాకు చాలా ఏళ్ళు తెలీదు, తెలిశాక ఇంక వదలబుద్ధి కాలేదు.

2 పవర్ 31లోంచి ఒకటి తీసేస్తే ఇదే, బైనరీలో రాస్తే వరసగా 31 ఒకట్లు. ఇలా వచ్చే ప్రధాన సంఖ్యల్ని మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు, వాటిల్లో ఇది ఎనిమిదోది. ఇది ప్రధాన సంఖ్యేనని 1772లో తేల్చింది గణిత శాస్త్రవేత్త ఆయిలర్, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, అప్పటికి ఆయనకి చూపు దాదాపు పోయింది!

మామూలు పద్ధతిలో అయితే దాని వర్గమూలం దాకా, అంటే 46340 లోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి, నాలుగు వేల పైనే ఉంటాయి. ఆయిలర్ అన్నిటి జోలికీ పోలేదు. ఎందుకో చిన్న నంబర్‌తో చూద్దాం, 2 పవర్ 11లోంచి ఒకటి తీస్తే 2047, అది 23 × 89. ఇప్పుడు 2ని రెట్టింపు చేసుకుంటూ పోయి ప్రతిసారీ 23తో భాగించి శేషం రాయండి: 2, 4, 8, 16, 9, 18, 13, 3, 6, 12, 1. సరిగ్గా 11 అడుగులకి ఒకటికి వచ్చేసింది, మళ్ళీ అదే చక్రం. ఆ చక్రం పొడవు 23 కంటే ఒకటి తక్కువైన 22ని కచ్చితంగా భాగించాలి, 89 తీసుకున్నా అంతే, 88లో 11 ఉంది.

మన నంబర్‌కీ ఇదే రూలు, దాన్ని ఏ ప్రధాన సంఖ్య భాగించినా ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీస్తే 31 గుణిజం అవ్వాలి. పైగా ఆ ప్రధాన సంఖ్యని 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. రెండూ కలిపితే 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 వచ్చేవే మిగులుతాయి, 46340 లోపు అలాంటివి 370 చిల్లర, వాటిల్లో ప్రధాన సంఖ్యలు కానివి మళ్ళీ ఎగిరిపోతాయి. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఇదే, చెయ్యక్కర్లేని భాగహారాలు ఏవో ముందే తెలిసిపోవడం.

మొన్న ఆదివారం పెన్నూ పేపరూ పట్టుకుని నేనే మొదలుపెట్టాను. మొదటిది 311, భాగిస్తే 6905092 వచ్చి శేషం 35. తర్వాత 559 అనుకుంటే అది 13 × 43, 993 చూస్తే 3తో పోతుంది, అలా ఒక్కోటీ కొట్టేసుకుంటూ వెళ్తే రెండోది ఏకంగా 1303, మధ్యలో ఒక్కటీ లేదు! దానికి శేషం 226. 1489కి 199. క్యాలిక్యులేటర్ ముట్టుకోకూడదని పెట్టుకున్నా కాబట్టి మిగతావి వచ్చే ఆదివారం.