అట్టలు వేసిన పుస్తకాలున్న గది

లండన్‌లో అక్క వాళ్ళింట్లో ఉన్న మూడు వారాల్లో నాకోసం నేను అడిగింది ఒక్క రోజే. ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ ఇల్లు చూసొస్తానన్నాను. "జేబులో రాళ్ళు వేసుకుని నదిలోకి వెళ్ళిపోయింది, ఆవిడేనా?" అంది అక్క.

ఆవిడ పుస్తకం ఒక్కటీ చదవని అక్కకి కూడా ఆ రాళ్ళు తెలుసు. నాకు మొదట తెలిసిందీ అవే, అదీ ఒక పాట వల్ల. ఫ్లోరెన్స్ అండ్ ది మెషీన్ బ్యాండ్ 2011లో విడుదల చేసిన 'వాట్ ద వాటర్ గేవ్ మీ'. ఆ పేరు ఫ్రీదా కాలో వేసిన ఒక బొమ్మది. లోపలి నీళ్ళూ రాళ్ళూ మాత్రం వుల్ఫ్‌వి. డిగ్రీలో ఉండగా రోజుకి పదిసార్లు వినేదాన్ని. ఈ వుల్ఫ్ ఎవరో చూద్దామని ఆవిడ నవల 'మిసెస్ డాలొవే' తెచ్చుకుని, ముప్పై పేజీలకే వదిలేశాను. తర్వాత నవీన్ 'అంపశయ్య' చదివాక, తోచింది తోచినట్టు సాగే ఆ చైతన్య స్రవంతి పద్ధతి కాస్త అలవాటైంది. మళ్ళీ మొదలుపెడితే ఈసారి పుస్తకం కింద పెట్టలేకపోయాను.

విక్టోరియాలో రైలెక్కితే లూయిస్‌కి గంట పైచిలుకు. అక్కడ ఇంకో రైలు మారి సౌతీజ్‌లో దిగాను. చిన్న స్టేషన్, నాతో దిగినవాళ్ళు ఇద్దరే. ఆవిడ ఇల్లున్న రాడ్‌మెల్ ఊరికి నడిచి వెళ్ళాలి, దారిలో ఊజ్ నది మీద వంతెన వస్తుంది. సముద్రం దగ్గరే కాబట్టి నదికి ఆటుపోట్లు ఉంటాయి. నేను వెళ్ళేసరికి ఆటు. గోధుమరంగు నీళ్ళు, రెండు పక్కలా నిగనిగలాడే బురద, దూరంగా పచ్చటి సున్నపురాయి కొండలు. అక్కడ నిలబడి ఆ పాట వినాలని ఎన్నాళ్ళుగానో అనుకున్నాను. పెట్టాను, సగంలో ఆపేశాను. 1941 మార్చి 28న ఒక మనిషి ప్రాణం పోయిన నది అది. పాట ఎంత బాగున్నా అక్కడ వినబుద్ధి కాలేదు.

ఇంటి పేరు మాంక్స్ హౌస్. 1919లో వేలంలో ఏడు వందల పౌండ్లకి కొనుక్కున్నారు వుల్ఫ్ దంపతులు. ముందుగది గోడలన్నీ ఆకుపచ్చ. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం ఆవిడ పడగ్గదిలో. 1929లో ఇంటికి జోడించి కట్టించిన గది అది. లోపలినుంచి దారి లేదు, తోటలోంచే వెళ్ళాలి. ఆడది రాయాలంటే ఏడాదికి ఐదు వందల పౌండ్లూ సొంత గదీ ఉండాలని ఆవిడ చెప్పిన 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' వ్యాసం వచ్చిందీ ఆ ఏడాదే. పొయ్యిగూటి పలకల మీద ఆవిడ అక్క వెనెస్సా బెల్ వేసిన తెరచాప పడవ, లైట్‌హౌస్. అరలో షేక్‌స్పియర్ నాటకాలు వరసగా ఉన్నాయి. ప్రతి పుస్తకానికీ ఆవిడే రంగురంగుల కాగితాలతో అట్టలు వేసుకుంది. జూన్‌లో స్కూలు తెరిచే ముందు మా అమ్మ మాకు వేసిన అట్టల్లాగే! వెన్నుమీద అతికించిన పేర్ల చీటీలు చూస్తుంటే నాకు గొంతు పట్టేసింది.

ఆ వ్యాసంలోనే ఆవిడ షేక్‌స్పియర్‌కి ఒక చెల్లెల్ని ఊహించింది, అన్నకున్నంత ప్రతిభ ఉండీ రాసే దారి దొరకని పిల్ల. 1985లో ద స్మిత్స్ బ్యాండ్ వాళ్ళు తమ పాటకి 'షేక్‌స్పియర్స్ సిస్టర్' అని ఆ చెల్లెలి పేరే పెట్టుకున్నారు. ఆ పాట పేరును గాయని షివాన్ ఫాహీ తన బ్యాండ్‌కి పెట్టుకుంది. ఆ బ్యాండ్ పాట 'స్టే' 1992లో బ్రిటన్‌లో ఎనిమిది వారాలు నంబర్ వన్‌గా ఉంది. పుట్టనే పుట్టని ఆ పిల్ల పేరు అలా రేడియోలో మోగిపోయింది. ఇది తలుచుకుంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

తోట చివర, చర్చి గోడ పక్కన ఆవిడ రాసుకున్న చెక్క గది ఉంది. దాని బయట కూర్చుని నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాట పెట్టుకున్నాను. ఇండిగో గర్ల్స్ 1992లో పాడిన 'వర్జీనియా వుల్ఫ్'. ఆవిడ డైరీ చదివి, ఆవిడతో స్నేహం కట్టిన ఒక పాఠకురాలి పాట. పాటల్లో వుల్ఫ్ అనగానే చావే గుర్తుకొస్తుంది జనానికి. ఈ పాట మాత్రం ఆవిడ ఉత్తరం ఇప్పుడే చేతికందినట్టు మాట్లాడుతుంది. ఇది పూర్తిగా విన్నాను, రెండుసార్లు.

తిరుగు రైల్లో డైరీ చివరి సంపుటం తెరిచాను. చనిపోవడానికి ఇరవై రోజుల ముందు, మార్చి 8న, ఏడైంది, వంట చెయ్యాలి, హ్యాడక్ చేపా సాసేజ్ మాంసమూ అని రాసుకుంది, అదీ కాస్త సంతోషంగా. మార్చి 24న రాసిన ఆఖరి పుటలో చివరి మాట, భర్త లెనార్డ్ రోడోడెండ్రాన్ మొక్కల పనిలో ఉన్నాడని.

రాత్రి అక్క పప్పు తాలింపు పెడుతుంటే పక్కన నిలబడి ఆ చేప వంట పేరా తెలుగులో చెప్పి వినిపించాను. అక్క స్టవ్ సిమ్‌లో పెట్టి, "ఇంకోటి చదువు" అంది.