(6,5) నానోట్యూబ్‌లో ఎక్సిటాన్: మూడో వారం లెక్కలు

ఆఫీసు అయ్యాక రోజూ ఓ గంట (6,5) కార్బన్ నానోట్యూబ్‌తోనే గడుస్తోంది. కార్బన్ పలక సన్నటి గొట్టంలా చుట్టుకుంటే అది నానోట్యూబ్, ఎలా చుట్టుకుందో చెప్పే గుర్తు (6,5). దీని వ్యాసం సుమారు 0.75 నానోమీటర్లు. మొదటి రెండు వారాల్లో టైట్ బైండింగ్ (ఎలక్ట్రాన్ ఒక పరమాణువు నుంచి పక్కదానికి దూకుతుందని తీసుకునే లెక్క) పూర్తి చేశాను. ఆ దూకుడు శక్తి, అంటే హాపింగ్, 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు పెడితే గ్యాప్ (ఎలక్ట్రాన్‌ని పై స్థాయికి లేపడానికి కావలసిన కనీస శక్తి) 1.03 వచ్చింది. ప్రయోగంలో ట్యూబ్ వెలిగేది 1.27 దగ్గర.

ఈ వారం ఎలక్ట్రాన్‌నీ, అది పైకి లేచాక మిగిలే ఖాళీ అయిన హోల్‌నీ జతకట్టాను. ఆ జతే ఎక్సిటాన్. ట్యూబ్ అంత సన్నం కాబట్టి పొడవు వెంట వాటి మధ్య దూరం ఒక్కటే లెక్కలోకి వస్తుంది. రెడ్యూస్డ్ మాస్ (జత కదలికకి రెండిటికీ కలిపి వాడే ద్రవ్యరాశి) ఎలక్ట్రాన్ మాస్‌లో 0.06 వంతు. అటు 30, ఇటు 30 నానోమీటర్లు గ్రిడ్ వేసి, పైథాన్ లెక్కల లైబ్రరీ నంపైతో ఐగెన్ విలువలు, అంటే జత శక్తి స్థాయిలు, తీశాను. ముందు ఆకర్షణని దూరానికి విలోమంగా నేరుగా రాశాను. గ్రిడ్ స్టెప్ 0.2 నుంచి 0.1కి, అక్కణ్ణుంచి 0.05కి తగ్గించినకొద్దీ బైండింగ్ (జతని విడదీయడానికి కావలసిన శక్తి) పెరుగుతూనే పోయింది. రెండు రాత్రులు కోడ్‌లో తప్పు వెతికాను. తప్పు అక్కడ లేదు. ఒకే దిశలో కదిలే జతకి కూలుంబ్ ఆకర్షణ (విద్యుదావేశాల మధ్య ఆకర్షణ) ఉంటే శక్తికి అడుగు తగలదని, అంటే కింది హద్దు ఉండదని, భౌతిక శాస్త్రవేత్త లౌడన్ 1959లోనే చూపించాడు. నిజం ట్యూబ్‌లో ఎలక్ట్రాన్, హోల్ గోడ చుట్టూ పరుచుకుని ఉంటాయి. అందుకని దూరం వర్గానికి వ్యాసార్ధం వర్గం కలిపి వర్గమూలం తీశాను. వెంటనే సంఖ్య నిలబడింది.

డైఎలక్ట్రిక్ స్థిరాంకం (చుట్టూ ఉన్న పదార్థం ఆకర్షణని ఎంత తగ్గిస్తుందో చెప్పే సంఖ్య) 3.3 పెడితే బైండింగ్ అర ఎలక్ట్రాన్ వోల్టుకి కాస్త తక్కువ, 4 పెడితే 0.4కి కాస్త తక్కువ. నాకు బాగా నచ్చింది రెండో స్థితి. దాని తరంగం మధ్యలో సరిగ్గా సున్నా, అటూ ఇటూ గుర్తు మారుతుంది. అందుకే దగ్గరి దూరంలో ఏం మార్చినా అది పెద్దగా కదలదు. ఒక్క ఫోటాన్‌కి దొరకని ఈ స్థితిని 2005లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు రెండు ఫోటాన్లతో పట్టుకున్నారు. ఎక్సిటాన్ బైండింగ్ సుమారు 0.4 అని తేలింది. నేను 4 ఉంచుకున్నాను.

అయితే 1.03లోంచి 0.4 తీసేస్తే 0.6 మిగులుతుంది, 1.27కి ఇంకా దూరమైపోతుంది! ఇక్కడే చాలాసేపు ఆగిపోయాను. ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ గ్యాప్‌ని ముందే 1.7 దాకా ఎత్తేస్తుంది, ఎక్సిటాన్ అందులోంచి 0.4 దించుతుంది. రెండూ చాలావరకు రద్దయిపోతాయి కాబట్టి ఉత్త టైట్ బైండింగే దాదాపు సరిపోయినట్టు కనిపిస్తుంది. గుట్టు బయటపెట్టింది రెండు గీతల నిష్పత్తి. ట్యూబ్ 567 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుని 975 దగ్గర వెలుగుతుంది, అంటే నిష్పత్తి 1.72. నా టైట్ బైండింగ్ మాత్రం 2 దగ్గర అంటోంది. దీనికి ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావమే కారణమని 2003లో కేన్, మెలే చెప్పారు.

వచ్చే వారం ఆ వికర్షణని కోడ్‌లోకి ఎక్కించాలి. ట్యూబ్‌లో మళ్లీ మళ్లీ వచ్చే ముక్క, అంటే యూనిట్ సెల్, 364 పరమాణువులది; నా లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామే. హెలికల్ సిమెట్రీ (మర మెట్టులా తిప్పి జరిపితే ట్యూబ్ అలాగే ఉండే గుణం) వాడి రెండు పరమాణువులకి కుదించే పని మొదలుపెట్టాను.