బుర్ర కొయ్యకుండా బుడగ మూయడం

మెదడు రక్తనాళం గోడ బలహీనపడి బుడగలా ఉబ్బితే (అన్యూరిజం), శ్రీకాకుళం, పాడేరు నుంచి విశాఖ వచ్చేవాళ్లు ముందు అడిగేది ఒకటే: ‘బుర్ర కొయ్యకుండా ఎలాగండీ?’ తొడ దగ్గరో మణికట్టు దగ్గరో ధమనిలోంచి గొట్టం పంపి, అందులోంచి సన్నటి మైక్రోకాథెటర్‌ను బుడగలోకి చేర్చి ప్లాటినం చుట్టలు ఒక్కొక్కటే వదులుతారు. మొదటిదే కీలకం: బుడగ వెడల్పుకు సరిపోయి, బుట్ట అల్లినట్టు గోడల వెంట తిరగాలి. తర్వాతివి చిన్నవి, మెత్తనివి. బుడగ మెడ (రక్తనాళంతో కలిసే మూతి) 4 మి.మీ. దాటితే చుట్ట రక్తనాళంలోకి జారే ప్రమాదం. బెలూనో స్టెంటో అడ్డుపెడతారు.

మధ్యలో బుడగ చిట్లిందా, కంగారుపడి మైక్రోకాథెటర్ లాగేయకూడదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన హెపారిన్‌కు విరుగుడుగా ప్రోటమిన్ ఇచ్చి, చుట్టలు నింపుతూ పోవడమే.

స్టెంట్ పడితే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడాలి. సంక్రాంతికి ఊరెళ్లి మాత్రలు మరిచిపోతే (మరిచిపోతారు కూడా!) స్టెంట్‌లో గడ్డకట్టి పక్షవాతం రావచ్చు.