మంచం పక్కన నిలబడ్డ మనిషి

ఉగాది ప్రోగ్రాంలో పాడనని మా అమ్మాయి తేల్చి చెప్పేసింది. పదమూడేళ్లు దానికి. "అర్థం తెలియని పాట నేను పాడను నాన్నా" అంది. నేను ఎప్పటిలాగే మన భాష, మన పాట, నానమ్మ ఎంత సంతోషపడుతుందో అంటూ మొదలుపెట్టాను. అంతా విని, "నువ్వు మ్యాటీ గ్రోవ్స్ మొత్తం చూడకుండా పాడతావు కదా, అలా ఒక్క తెలుగు పాట పాడు, అప్పుడు నేనూ పాడతా. సినిమా పాట కాదు" అంది. నాకు నోట మాట రాలేదు.

మ్యాటీ గ్రోవ్స్ ఇక్కడి ఫోక్ రాక్ బ్యాండ్ ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ పాడిన పాట, 1969 డిసెంబర్‌లో వచ్చిన లీజ్ అండ్ లీఫ్ ఆల్బమ్‌లోది. ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో సెకండ్ హ్యాండ్ సీడీ ఒకటి దొరికింది, అప్పట్నించీ శని ఆదివారాలు గిటార్ పట్టుకుని ఆ పాట విప్పి చూస్తూనే ఉన్నాను. మైనర్ కార్డు (గిటార్ మీద కొన్ని స్వరాలు కలిపి మోగించేది) నుంచి ఒక మెట్టు కిందున్న మేజర్ కార్డుకి జారి మళ్లీ పైకొస్తుంది. కైశికి నిషాదం, అంటే కింది ‘ని’, తప్ప పై ‘ని’ అయిన కాకలి నిషాదం జాడే ఉండదు, అందుకేనేమో మొదటిసారే ఎక్కడో విన్నట్టనిపించింది. ఒక లార్డ్ భార్య మ్యాటీ అనే కుర్రాణ్ని ఇంటికి తీసుకెళ్తుంది, లార్డ్ వచ్చి ఇద్దర్నీ చంపుతాడు, ఇదీ కథ. గాయని శాండీ డెనీ హత్య జరిగే చరణాన్నీ, గుడికి వెళ్లే చరణాన్నీ ఒకే గొంతుతో, జరిగింది జరిగినట్టు చెబుతుంది. కథ అయిపోయాక మాటలుండవు, ఫిడేలూ గిటారూ ఒకదాన్నొకటి తరుముకుంటాయి. కథ ఇంగ్లండ్‌ది, బాణీ మాత్రం షేడీ గ్రోవ్ అనే అమెరికా కొండల పాటది.

ఈ బ్యాండ్ కథ తోటి తల్లిదండ్రులకి నేను చాలాసార్లు చెప్పాను. 1967లో మొదలైనప్పుడు వీళ్లు అమెరికా బ్యాండ్ల దారిలో వాయించిన లండన్ కుర్రాళ్లు. 1969 మేలో ఎం1 రోడ్డు మీద వాళ్ల వ్యాన్ బోల్తా పడి డ్రమ్మర్ మార్టిన్ ల్యాంబల్ చనిపోయాడు, పంతొమ్మిదేళ్లు. ఆ వేసవిలో మిగిలినవాళ్లు ఒక పల్లెటూళ్లో ఇల్లు తీసుకుని తమ దేశపు పాత పాటలు సాధన చేశారు. కాబట్టి బలవంతం చేయకండి, మన పిల్లలు కూడా ఒకరోజు వాళ్లంతట వాళ్లే వెతుక్కుంటారు అనేవాణ్ని. నిజంగా నమ్మే అన్నాను. కానీ బాసిస్ట్ ఆష్లీ హచింగ్స్ పాటలు వెతకడానికి లండన్‌లో జానపద పాటలు భద్రపరిచిన సెసిల్ షార్ప్ హౌస్ ఉంది. మా అమ్మాయి వెతకాలంటే ఎక్కడికెళ్తుంది? బిరుదురాజు రామరాజు గారిలాంటి వాళ్లు ఎప్పుడో జానపద గేయాలు సేకరించి పెట్టారు, నేను ఒక్క పేజీ తిప్పలేదు. దానికి కారులో వినిపించిందీ ఈ బ్యాండ్‌నే. తెలుగులో మాట్లాడమని పోరుతూ, కోపమొస్తే ఇంగ్లిష్‌లో తిట్టిందీ నేనే.

ఆ ఆదివారం తెనాలిలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేసి, ఊర్మిళాదేవి నిద్ర పాట గుర్తుందా అని అడిగాను. చిన్నప్పుడు అది వింటూనే నిద్రపోయేవాణ్ని, ఎప్పుడూ చివరిదాకా వినలేదు. అమ్మ అందుకుంది, నేను ఆగి ఆగి అర్థం చెప్పాను. లక్ష్మణుడు అడవిలో ఉన్న పద్నాలుగేళ్లూ ఊర్మిళ నిద్రలోనే ఉంటుంది. తిరిగొచ్చిన మొగుణ్ని గుర్తుపట్టక, పరాయి మగాడు గదిలో దూరాడనుకుని భయపడుతుంది, మావాళ్లకి తెలిస్తే నీ పని అయిపోతుందని బెదిరిస్తుంది.

"మ్యాటీ కూడా అంతే కదా నాన్నా!" అంది మా అమ్మాయి. "నిద్ర లేచేసరికి మంచం దగ్గర లార్డ్ నిలబడి ఉంటాడు."

ఇన్నేళ్లు ఆ పాటలో కార్డులు లెక్కపెట్టాను, ఇది నాకు తట్టలేదు.

వెంటనే గిటార్ తీశాను. కార్డు వేస్తే అమ్మ పాట కవాతులా అయిపోతోంది. అమ్మ నాలుగైదు స్వరాల్లోనే తిరుగుతూ, మాట ఎంత పొడవుంటే అంతసేపు నిలబడుతుంది, నా లెక్కకి అందదు. అప్పుడు ఇదే బ్యాండ్ ఒకే శ్రుతి పట్టుకుని పదకొండు నిమిషాలు వాయించిన ఎ సెయిలర్స్ లైఫ్ గుర్తొచ్చింది. ఆరో తీగ అమ్మ శ్రుతికి దింపి, ఊరికే అదొక్కటే మీటుతూ కూర్చున్నాను. అమ్మాయి వయొలిన్ తెచ్చి స్వరాలు వెతికింది. "అక్కడ అంత సాగదీయకూడదమ్మా" అని అమ్మ ఫోన్లోంచి దిద్దుతోంది. ఆ పావుగంట ఎంత బాగుందో చెప్పలేను. ఆగలేక, "రోజూ కాసేపు నేర్చుకుందామా, ఉగాదికి ఇదే పాడొచ్చు" అనేశాను. వయొలిన్ పెట్టెలోకి వెళ్లిపోయింది.

ఊరుకోవాల్సింది. కానీ ఊరుకుంటే అమ్మ పాట అమ్మతోనే ఆగిపోతుందేమోనని టెన్షన్. ఏది సరైనదో నాకిప్పటికీ తెలియడం లేదు.

పెట్టె మూసి లేస్తూ, "నానమ్మా, మరి ఎలా గుర్తుపట్టింది?" అని అడిగింది. అమ్మ కాసేపు ఆలోచించి, ఆ చరణాలు సరిగ్గా గుర్తురావడం లేదంది. పక్కింటి పెద్దావిడని అడిగి వచ్చే ఆదివారం చెబుతానంది.