మాంగనీసు సల్ఫేట్ తయారీ: నా అనుభవం

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు నేను మాంగనీసు సల్ఫేట్‌ను ఎంచుకోవడానికి కారణం మా ప్రాంతపు రాయి. మాది చీపురుపల్లి వైపు. 1892లో మన దేశంలో మాంగనీసు ఖనిజం తవ్వకం మొదలైంది నేటి విజయనగరం జిల్లాలోనే. ముట్టుకుంటే చేతికి మసిలా అంటుకునే ఆ నల్లని రాయి నుండి లేత గులాబీ రంగు లవణం వస్తుందని చదివినప్పటి నుండి స్వయంగా చేసి చూడాలన్న కోరిక ఉండేది.

ఖనిజంలోని మాంగనీసు డయాక్సైడ్ సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నేరుగా కరగదు. కర్మాగారాలలో దానిని బొగ్గుతో కలిపి కాల్చి, మోనాక్సైడ్‌గా మార్చి, ఆ తరువాత ఆమ్లంలో కరిగిస్తారు. అటువంటి కొలిమి మాకు లేనందున నేను సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పాటు ఆక్సాలిక్ ఆమ్లాన్ని వాడాను. 8.7 గ్రాముల డయాక్సైడ్‌కు 12.6 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లపు స్ఫటికాలు సరిపోతాయి. ఖనిజపు పొడిని చిటికెడు చిటికెడుగా వేయాలి. లేకపోతే కార్బన్ డయాక్సైడ్ నురగ బీకరు దాటి పొర్లిపోతుంది.

మొదటిసారి వచ్చిన ద్రావణం పసుపుపచ్చగా ఉంది. మా రాయిలో ఇనుము ఎక్కువ. పైగా నేను ఆక్సాలిక్ ఆమ్లాన్ని అవసరానికి మించి వేయడం వల్ల అది ఇనుమును పట్టుకుని అవక్షేపం కానివ్వలేదు. రెండోసారి ఖనిజమే కొంత మిగిలేలా చూశాను. ఆ మిగులు డయాక్సైడ్ ఇనుమునంతా, సులభంగా ముద్దగా విడిపోయే ఫెర్రిక్ స్థితికి చేర్చింది. తరువాత మాంగనీసు కార్బనేట్ కలిపి పీహెచ్‌ను 5 దగ్గరకు తెచ్చి మరిగించగా, ఇనుము గోధుమరంగు ముద్దగా విడిపోయింది. వేరే క్షారం వాడితే పరాయి లవణం చేరేది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టింది స్ఫటికీకరణం. చల్లబరిస్తే స్ఫటికాలు కట్టే మైలుతుత్తం చేసిన అలవాటుతో, వడపోసిన ద్రావణాన్ని కాచి, మంచుగడ్డల మధ్య రాత్రంతా ఉంచాను. తెల్లవారి చూస్తే ఒక్క స్ఫటికమైనా లేదు. రెండు రోజులు అలాగే గడిచాక ద్రావణీయత పట్టిక తీసి చూస్తే విషయం అర్థమైంది: సుమారు 27 డిగ్రీల సెల్సియస్ దాటాక ఈ లవణం, వేడి పెరిగేకొద్దీ నీటిలో తక్కువగా కరుగుతుంది. అంటే చల్లబరచినందువల్లనే అది ద్రావణంలో నిలిచిపోయింది. వెంటనే బీకరును మళ్ళీ బర్నరుపై పెట్టాను. నీరు ఇగిరేకొద్దీ, మరుగుతున్న ద్రావణంలోనే, ఒక నీటి అణువు గల మోనోహైడ్రేట్ సన్నని పొడిలా అడుగున చేరడం చూసిన ఆ క్షణపు సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది. దానిని వేడి మీదనే వడపోసి, చన్నీటితో కడిగితే తిరిగి కరిగిపోతుంది కనుక ఆల్కహాలుతో కడిగాను.

ఆరిన పొడి తెలుపులో గులాబీ ఛాయ కలిసినట్లుంది. ఇనుము ఉంటే ఎరుపెక్కించే థయోసయనేట్ చుక్క వేసినా ఎరుపు తేలలేదు. శుద్ధమైన మోనోహైడ్రేట్‌లో 32.5 శాతం మాంగనీసు ఉండాలి. లోహం ఎంతుందో కొలిచే ఈడీటీఏ అంశమాపనంలో నాకు 31.9 వచ్చింది. ఆకుల ఈనెల మధ్య పసుపుబారే పైర్లపై పిచికారీ చేయడానికి రైతులు కొనే సల్ఫేట్‌లో ఉండవలసిన కనీస మాంగనీసు 30.5 శాతం.