నాన్న ల్యాప్‌టాప్‌లో రెండో డిస్క్

చోటు నిండిపోయి సీ డ్రైవ్ గీత ఎర్రబడింది. కొత్త ల్యాప్‌టాప్ కొందామంటే నాన్న ఒప్పుకోలేదు. ఎలాగూ వాడని డీవీడీ డ్రైవ్ తీసేసి, ఆ చోట క్యాడీ, అంటే ఇంకో డిస్క్‌ను బిగించే చట్రం, పెట్టాం. క్యాడీ కొనేముందు డీవీడీ డ్రైవ్ మందం చూసుకోండి: 9.5 మిల్లీమీటర్లవీ ఉంటాయి, 12.7వీ ఉంటాయి.

కొత్త ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డిస్క్) మాత్రం హార్డ్ డిస్క్ ఉన్న అసలు చోటికే వెళ్లాలి, పాత డిస్క్ క్యాడీలోకి రావాలి. కొన్ని పాత మోడళ్లలో డీవీడీ వైపు సాటా (డిస్క్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపే కనెక్షన్) వేగం తక్కువ. విండోస్‌ను అక్కడ పెడితే పెట్టిన డబ్బుకు న్యాయం జరగదు. విప్పేముందు ఫొటోలు వేరేచోట కాపీ చేశాం, బ్యాటరీ తీసేశాం.

ఇప్పుడు ఆన్ చేయగానే లేస్తోంది. అక్క పెళ్లి వీడియోలు ఒక్కటీ డిలీట్ చేయనక్కర్లేకపోయింది. నాకు అదే పెద్ద సంతోషం.