గోళీలతో ఓటు సరే, కుర్చీ సంగతేంటి?

పశ్చిమాఫ్రికా దేశం గాంబియా ఎన్నికల గురించి ఎవరు మాట్లాడినా గోళీల దగ్గరే ఆగిపోతారు. తప్పేం లేదు, ఆ పద్ధతి అంత ముచ్చటగా ఉంటుంది మరి. చదువురాని ఓటర్లే ఎక్కువగా ఉన్న 1960ల్లో దీన్ని మొదలుపెట్టారు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో డ్రమ్ము, దాని మీద పార్టీ రంగు, అభ్యర్థి ఫొటో. చేతికిచ్చిన గోళీని తెర వెనక్కి తీసుకెళ్లి నచ్చిన డ్రమ్ము గొట్టంలో వేస్తే లోపల గంట టింగుమంటుంది. రెండోసారి మోగిందా, ఎవరో కక్కుర్తిపడ్డారని బయటి సిబ్బందికి తెలిసిపోతుంది. గోళీ అడుగున పడి మళ్లీ చప్పుడు చేయకుండా ఇసుకో రంపపు పొట్టో పోస్తారు. సైకిల్ బెల్లుతో గందరగోళం వస్తుందని పోలింగ్ బూత్‌ల దగ్గరికి సైకిళ్లను రానివ్వరు కూడా! లెక్కపెట్టేది 200 లేదా 500 గుంతలున్న పలకల మీద.

ఓటేయడానికి ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న దేశం, గెలిచినవాడి చేతికి ఎంత అధికారం ఇవ్వాలన్న దగ్గర మాత్రం చేతులెత్తేసింది. 1994లో సైనిక తిరుగుబాటుతో వచ్చిన యాహ్యా జమ్మే హయాంలో తయారై, 1997లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగమే అక్కడ ఇంకా నడుస్తోంది. దేశాధినేత, ప్రభుత్వాధినేత రెండూ అధ్యక్షుడే. ఉపాధ్యక్షుణ్ణి, మంత్రుల్ని ఆయనే పెట్టుకుంటాడు, 58 మంది ఉండే నేషనల్ అసెంబ్లీలో ఐదుగురిని కూడా ఆయనే నామినేట్ చేస్తాడు, మిగతా 53 మందినే జనం ఎన్నుకుంటారు. పదవీకాలం ఐదేళ్లు, కానీ ఎన్నిసార్లైనా పోటీ చేయొచ్చు. సగం ఓట్లు కూడా అక్కర్లేదు, అందరికంటే ఒక్క గోళీ ఎక్కువొస్తే చాలు.

2016 డిసెంబర్‌లో ప్రతిపక్షాల అభ్యర్థి ఆదామా బారో సుమారు 43 శాతం ఓట్లతో జమ్మే మీద గెలిచింది అలాగే. జమ్మే టీవీలో అందరూ చూస్తుండగా ఫోన్ చేసి మరీ అభినందించాడు, వారం తిరిగేసరికి ఫలితం ఒప్పుకోనని అడ్డం తిరిగాడు. కోర్టుకెళ్దామంటే సుప్రీం కోర్టులో విచారణకు సరిపడా జడ్జీలే లేరు, ఆయన పాలనలోనే ఆ కోర్టు ఏడాదికి పైగా కూర్చోలేదు. (తను పాడుబెట్టిన కోర్టే తనకు అక్కరకు రాకపోవడం చూస్తే నవ్వొస్తుంది.) బారో పొరుగున సెనెగల్‌లో, డకార్‌లోని గాంబియా ఎంబసీలో 2017 జనవరి 19న ప్రమాణం చేశాడు. పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ సైన్యం సరిహద్దు దాటాక గానీ జమ్మే ఈక్వటోరియల్ గినీకి విమానం ఎక్కలేదు.

ఆ తర్వాతైనా కుర్చీకి పగ్గాలు పడ్డాయా అంటే, లేదు. రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఉండకూడదన్న కొత్త రాజ్యాంగ ముసాయిదా 2020 సెప్టెంబర్‌లో అసెంబ్లీకి వచ్చింది. అనుకూలంగా 31, వ్యతిరేకంగా 23. కావాల్సిందేమో నాలుగింట మూడొంతుల మద్దతు, దాంతో అక్కడే వీగిపోయింది. బారో పాలనకు అప్పటికే జరిగిన కాలాన్ని కూడా ఆ రెండు విడతల్లో కలపడం ఆయన పక్షానికి మింగుడుపడలేదు, నా దృష్టిలో అసలు గొడవంతా అదే. 2021లో ఆ పాత రాజ్యాంగం కిందే, అవే గోళీలతో ఆయన మళ్లీ గెలిచాడు.